అడుగున ఎర్ర నార

మటాటు బండి కోసం రోడ్డు పక్కన కూర్చున్న కలేక్యే సంచిలోకి ఎవరో దోసెడు రాగులు పోశారు.

కలేక్యే ఉలిక్కిపడి లేచింది. వీపున కట్టిన పాప గుక్కపట్టింది.

"ఏం పనవ్వా ఇది! నీ గింజలకి నా కొత్త సంచే దొరికిందా?"

"మూట చిరిగిందే పిల్లా," అంది ముసలామె తాపీగా. "ఒక్కసారి పైకెత్తు."

ఎత్తింది. అడుగు నుంచి రాగులు జలజలా రాలాయి.

కలేక్యే ముఖం పాలిపోయింది.

మూడు నెలలు నేసింది ఆ కియోండో సంచిని. నీళ్లకి పోతూ, మేకల వెంట నడుస్తూ కూడా చేతులు ఆపలేదు. చుట్టూ మూడు రంగుల గళ్లు, తోలు పిడి. అడుగు ఎవరు చూస్తారులే అనుకుంది.

ఇవాళ ముంబువా నడిపే సంఘం నేతకి ఒక్కరినే చేర్చుకుంటుంది. చేరితే పాప వీపునే ఉంటుంది. లేకపోతే పాపని అమ్మ దగ్గర వదిలేసి నైరోబీలో ఇళ్లలో పనికి పోవాలి.

"పెళ్లికూతురికి నగలన్నీ పెట్టి, చెప్పులు మరిచిపోయావు," అంది ముసలామె.

"వెక్కిరించడానికొచ్చావా?"

"ముంబువా రంగులు చూడదే. రాగులు పోసి ఊపుతుంది. ఒక్క గింజ రాలినా ఇంటికే."

"నీకెలా తెలుసు?"

"పళ్లూడేదాకా నేశాను. తెలీదా? దబ్బనం ఉందా?"

"ఉంది. నారే లేదు."

ముసలామె అటు తిరిగి, ఒంటికి చుట్టుకున్న గుడ్డ కింద చంకన దాచినదాంట్లోంచి ఏదో పీకింది. బారెడు ఎర్రటి కిత్తనార వచ్చింది. మళ్లీ పీకింది. మళ్లీ.

తొడ మీద వేసి అరచేత్తో పేనింది. పాపని ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వే కుట్టవా అవ్వా? బండి వచ్చేస్తుంది."

"నేను కుడితే నీ సంచి ఎలా అవుతుంది? బిగించు. ఇంకా! మీ అత్త మీద కోపమంతా ఆ నార మీద చూపించు!"

ఏడవబోయిన కలేక్యే ఫక్కున నవ్వింది.

ఆఖరి ముడి వేసేసరికి బండి వచ్చింది.

"రా అవ్వా, నువ్వూ ఇటేగా?"

"బయల్దేరింది ఇటే. ఇక పనిలేదులే. పో, పో!"

పేరైనా అడగలేదని బండి కదిలాక గుర్తొచ్చింది.

సంఘం పాకలో ముంబువా నేల మీద తెల్లగుడ్డ పరిచింది. సంచి నిండా రాగులు పోసి, తలకంటే ఎత్తుకి లేపి ఊపింది. మళ్లీ ఊపింది.

ఆడవాళ్లంతా గుడ్డ మీదికి వంగారు.

"ఒక్కటీ లేదు!"

పాక దద్దరిల్లేలా కేకలేశారు. ఎవరో పాపని గాల్లోకి ఎత్తారు. కలేక్యే మట్టికాళ్లతో ఆ తెల్లగుడ్డ మీదే గంతులేసింది. నైరోబీ లేదు. పాప తన వీపునే.

"ఇవాళ రావాల్సిన రెండో మనిషి రాలేదు గానీ, వచ్చుంటే నీకు గట్టిపోటీ ఇచ్చేదే!" అంటూ ముంబువా సంచి తిరగేసింది. ఆమె వేళ్లు అడుగున ఆగిపోయాయి.

"ఈ నార నీకెక్కడిది?"

"దారిలో ఒక అవ్వ ఇచ్చింది పెద్దమ్మా. ఏం?"

ముంబువా సంచిని వెలుగులోకి పట్టి ఆ నారని మళ్లీ తడిమింది.

"ఈ ఎర్ర రంగు కాచడం ఒక్కదానికే వచ్చు," అంది. "ఇవాళ నీతో పోటీకి రావాల్సిన స్యోకావు అవ్వ, తన సంచి మొత్తం ఈ నారతోనే నేసింది."