ఒంటె కడుపులో నీళ్ళు

దయామణిని చంపింది మూడో తరగతి వాచకం. కృపావరానికి అది ఇరవై రెండేళ్ళ కిందటే తేలిపోయిన విషయం.

ఆ వాచకమే ఇప్పుడు ప్రభాకరరావు చేతిలో ఉంది. తర్లుపాడుకు అవతల ఉన్న ఆ పల్లెలోని మిషను బడికి అతను వచ్చి పది రోజులు కాలేదు. పిల్లలు గొంతులెత్తి వల్లిస్తున్నారు.

"ఒంటె తన కడుపులోని సంచిలో నీరు దాచుకొనును. ఎడారిలో దాహముతో చచ్చుచున్న బాటసారులు దాని కడుపు కోసి, ఆ నీరు త్రాగి బ్రతుకుదురు."

"ఆపండి" అన్నాడు కృపావరం గుమ్మంలో నిలబడి.

పిల్లలు ఆపారు. ప్రభాకరరావు తలెత్తి చూశాడు.

"ఏం కావాలి పెద్దాయనా?"

"ఆ పుట చించేయి అయ్యవారూ."

"అది చించితే ఇన్‌స్పెక్టరు నా చెవులు చించుతాడు."

పిల్లలు పగలబడి నవ్వారు. కృపావరం నవ్వలేదు.

"ఒంటె కడుపులో నీళ్ళుండవు."

"నువ్వు చూసొచ్చావా?"

"కోసి చూసినా."

ప్రభాకరరావు పిల్లల్ని ఇళ్ళకు పంపేశాడు. బల్ల మీద కూర్చోమన్నాడు. ముసలాయన కూర్చోలేదు.

"ఆ యేడు చెరువు నెర్రెలిచ్చింది" అన్నాడు. "ముందు ఎద్దులు చచ్చినాయి, ఆనక ఆవులు. పల్లె పల్లే గుంటూరు దిక్కు కూలికి పోయింది. నా భార్య దయామణికి జ్వరం. లేవలేకపోయింది. మేమిద్దరమే మిగిలినాం."

"మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోలేకపోయావా?"

"దేని మీద? భుజానేసుకొని రెండు ఫర్లాంగులు పోయినా. ఇద్దరం పడినాం. మళ్ళీ మోసుకొచ్చి మంచాన వేసినా. అందరికన్నా ఆఖరున వలసపోయిన ఎజ్రాతో ఆసుపత్రికి కబురు పెట్టినా, బండి పంపమని. మూడు రోజులు దారి చూసినా. బండి రాలేదు."

"తరవాత?"

"నాలుగోనాడు వాగులో చెలమ తవ్వను పోయినా. మిట్టమధ్యాహ్నం దాకా తవ్వినా. ఇసుకే. వట్టి కుండతో ఇంటికొస్తే, వాకిట్లో ఒంటె కూచోనుంది."

"ఒంటా? ఈ ఊళ్ళోనా?"

"కాశిం సాయిబుదంట. పలకల గనుల కాడ మోత మోసేదంట. అదంతా ఆనక తెలిసింది. అప్పుడు మనిషి లేడు. ఒంటె వీపున నులకమంచం కట్టుంది. ఎవడో ఇల్లు ఖాళీ చేసుకొని వలస పోతాన్నాడు అనుకున్నా. లోపల దయామణి నీళ్ళు, నీళ్ళు అంటాంది. నాలిక పిడచ కట్టుకపోయింది."

ముసలాయన బల్ల మీది వాచకం వంక చూశాడు.

"పల్లెలో మూడో తరగతి దాకా చదివినోణ్ణి నేనొక్కణ్ణే అయ్యవారూ. ఈ పాఠం తప్పు లేకుండా అప్పజెప్పినానని పాదిరి దొర నాకు చొక్కా ఇచ్చినాడు. అదే చదువురానోడైతే ఆ ఒంటెను బతకనిచ్చేటోడు."

ప్రభాకరరావు వాచకం మూశాడు.

"తోలుపని చేతులు ఇవి. ఎక్కడ కోయాలో తెలుసు. అది పెద్దగా అరవను కూడా లేదు."

"కడుపులో ఏముంది?"

"పచ్చటి పసరు. నమిలిన తుమ్మాకు. గుడ్డలో వేసి పిండితే ముంత అడుగు తడిసింది. దయామణి నోట్లో పోసినా. కక్కింది."

"అయ్యో."

"అంతలో కాశిం వచ్చినాడు, భుజాన రెండు తోలుతిత్తులతో. నేను వాగులో ఉన్నప్పుడే ఆయన వస్తే, దయామణి నీళ్ళు అడిగిందంట. ఒంటెను కట్టేసి పై ఊరి బావికి పోయినాడు. నన్నైతే ఆ గట్టు ఎక్కనీయరు. సాయిబు కాబట్టి పోసినారు."

"నిన్ను కొట్టాడా?"

"కొట్టి ఉంటే బాగుండు. దాని తల ఒళ్ళో పెట్టుకొని నాకు పాఠం చెప్పినాడు. 'దీనికి సంచీ లేదు, ఏం లేదన్నా. ఉన్న తడిని బయటికి పోనీయదు, అంతే. ఎండకు ఊరికే చెమట పట్టదు. పెంటిక వేస్తే అప్పుడే పొయ్యిలో పెట్టొచ్చు. ఊపిరిలో తడిని కూడా ముక్కులోనే ఆపుకుంటది. మూపురంలో ఉండేది కొవ్వు, తిండి లేన్నాడు అదే తిండి. పది రోజులు చుక్క లేకుండా నడిచి, దొరికిన్నాడు ఎనిమిది కడవలు తాగుతది. ఎద్దులు పడిపోయే దారిలో నడిచేది ఇదొక్కటే' అన్నాడు. ఏడుస్తానే చెప్పినాడు."

"మరి ఆ తిత్తుల్లో నీళ్ళు? ఆమె తాగిందా?"

"తాగింది. కడుపునిండా తాగింది. నన్ను గుర్తుపట్టింది. చేతికి నెత్తురేంది అని అడిగింది."

ప్రభాకరరావు గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయితే దాహంతో పోలేదు కదా!"

"లేదు. ఇంకా నాలుగు రోజులుంది. జ్వరం దిగలేదు."

"మరి పుస్తకం మీద ఎందుకు పెద్దాయనా ఇంత కోపం? పుస్తకం అబద్ధం చెప్పింది, నిజమే. సాయిబు ఒంటె దండగైపోయింది, అదీ నిజమే. కానీ ఆమెను తీసుకుపోయింది జ్వరం. పుస్తకం కాదు గదా."

కృపావరం పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఒక్క మాట చెప్తా. ఇంక ఈ సంగతి నా నోట రాదు. నువ్వడిగినా, పాదిరి అడిగినా, చచ్చినాక దేవుడడిగినా రాదు."

గుమ్మం దిగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఆ ఒంటెను పంపింది ఆసుపత్రోళ్ళు."