దించని చెయ్యి

"రెప్ప వాల్చావంటే మనిషిని సముద్రం మింగేస్తుంది. దొరికేదాకా అతని వైపు చాపిన చెయ్యి దించకు," అంటూ మాకు శిక్షణ ఇచ్చే మాస్టారు మనిషంత బొమ్మను ఓడ మీంచి తోసేశారు.

దాని ఎర్ర టోపీ వైపే వేలు చాపి నిలబడ్డాను. అలాంటి టోపీలే మా అందరికీ. బొమ్మను తేవడానికి బావా, ఇంజను నడిపేవాడూ చిన్న పడవలో వెళ్లారు.

పెద్ద అల వెనక టోపీ మాయమైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో కాస్త అవతల మళ్లీ తేలింది. పడవేమో ఇంకోవైపు తిరుగుతోంది.

"అటు కాదు బావా, ఇటు," అని గొంతు చించుకున్నాను.

మాస్టారు నవ్వారు. "దించరా చెయ్యి. బొమ్మ ఎప్పుడో పడవెక్కింది."

నిజమే, పడవలో బొమ్మ వెల్లకిలా పడుంది. పక్కన ఇంజను మనిషి ఒక్కడే నీళ్లలోకి వెర్రిచూపులు చూస్తున్నాడు.

నా చెయ్యి దిగలేదు.

"మాస్టారూ, బొమ్మ చెయ్యి ఊపదు కదండీ."