మెల్క్ ఆవులింత

నోరు బార్లా తెరుచుకుంది. దాంతోపాటే బల్ల మీద వాలి ఉన్న ఎడమ చెయ్యి మెల్లగా లేచి, భుజం ఎత్తుకు వచ్చి, కాసేపు గాల్లో నిలిచింది. ఆవులింత అయిపోగానే దబ్బున కింద పడింది. అప్పటికే వ్రేని కాఫీ కప్పు పక్కకు జరిపేసింది. చేతిరుమాలు తీసి భర్త కళ్లు తుడిచింది. ఆవులిస్తే మెల్క్‌కు రెండు కళ్లా నీళ్లు కారతాయి. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

“ఇవాళ ఎన్నోది?” అని అడిగింది ఫిజియోథెరపిస్టు ఇంగా.

“ఎనిమిదోది,” అంది వ్రేని. “పోయిన వారం నుంచి మరీ ఎక్కువయ్యాయి. పావుగంటకోసారి ఆ చర్చి గంట కొడుతుంటే నిద్రెక్కడిది?”

మెల్క్‌కు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. ఆవులింతతో మొదటిసారి ఆ చెయ్యి లేచిన రోజు వ్రేని ఏడ్చేసింది. పక్కింటికి పరిగెత్తి చెప్పి వచ్చింది. ఆ సంబరం మీద ఇంగానే నీళ్లు చల్లింది. మెదడు ఇచ్చే ఆజ్ఞ ఆ చేతికి అందడం లేదట. ఆవులింత మాత్రం వేరే పాత దారిలో వెన్నుపాములోకి దిగి చేతిని ఎత్తేస్తుందట. అందులో మనిషి ప్రమేయం ఏమీ ఉండదట. అప్పటినుంచి వ్రేని సంబరపడటం మానేసి కప్పులు జరపడం నేర్చుకుంది.

“ఆవులించకుండా ఎత్తండి చూద్దాం,” అంది ఇంగా ఎప్పటిలాగే.

మెల్క్ చేతి వైపు చూడలేదు. కిటికీలోంచి చర్చి గోపురం వైపు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి కదల్లేదు. ఇంగా పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా చర్చి ముందు చేరి చేతులెత్తి తేల్చుకోవాలి, రాత్రిపూట గంట ఆపాలా వద్దా అని. ఆపాలని అర్జీ పెట్టింది వ్రేనియే. రాత్రికి రెండుసార్లు లేచి మెల్క్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మిగిలిన నిద్రను గంట తినేస్తోంది. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే తాను కూడా మంచాన పడతానని ఆమె భయం. అయితే ఆ గంటకు మోటారు పెట్టక ముందు ముప్పై ఒక్క ఏళ్లు తాడు లాగింది మెల్కే. అందుకని ముందే అడిగింది.

“నీ ఇష్టం,” అన్నాడు మెల్క్.

నాలుగు నెలలుగా చొక్కా గుండీల దగ్గర్నుంచి అన్నిటికీ అదే మాట. “పక్షవాతం వచ్చాక మంచివాడివైపోయావు,” అని వ్రేని నవ్వింది.

చిక్కల్లా నిలబడటంలో ఉంది. కూర్చున్నవాళ్ల చేతులు గుంపులో కనిపించవు. నిలబడాలంటే కుడిచేత్తో కర్ర పట్టుకోవాలి. ఓటెయ్యాలంటే ఆ కర్ర వదలాలి. ఇంగా వారమంతా అదే నేర్పింది. ఎడమ పాదం మీద బరువు వెయ్యడం, నడుము నిటారుగా పెట్టడం, వెనక నుంచి వ్రేని బెల్టు పట్టుకుంటే కర్ర వదిలి పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలవడం. శుక్రవారానికి ఏడు దాకా వచ్చాడు.

“ఏడు చాలదు,” అంది వ్రేని. “ఎనభై చేతులు లెక్కపెట్టడానికి మీ తమ్ముడికి వారం పడుతుంది.”

ఆ తమ్ముడు మెల్క్ చిన్నాన్న కొడుకు కాస్పర్, ఊరిపెద్ద. ఆదివారం ఆయన చెక్కపెట్టె ఎక్కి, గంట ఆపాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. వ్రేని ఒక చెయ్యి ఎత్తి, రెండో చేత్తో బెల్టు బిగించి, మోచేత్తో పొడిచింది. మెల్క్ కర్ర వదిలాడు. కుడిచెయ్యి నడుము దాకా వచ్చింది. ఎడమ మోకాలు వణికింది, ఒళ్లు ఒరిగింది. మళ్లీ కర్ర పట్టేసుకున్నాడు. లెక్క నలభై ఒకటి దగ్గర ఆగింది.

“ఆపొద్దనేవాళ్లు.”

చేతులు లేచాయి. మెల్క్ నోరు బార్లా తెరుచుకుంది. ఎడమ చెయ్యి భుజం దాటి, టోపీ దాకా లేచి నిలిచింది. వ్రేని గబగబా చేతిరుమాలు తీసింది. ఎండ వల్లనో ఏమో, మెల్క్ కళ్లు పొడిగానే ఉన్నాయి. రుమాలు జేబులో పెట్టుకుంది.

“నలభై రెండు,” అన్నాడు కాస్పర్.

“అది ఓటు కాదు కాస్పర్. ఆవులింత.”

జనం నవ్వారు. చూడటానికి వచ్చిన ఇంగాను ముందుకు పిలిచారు. రోగి ఇష్టంతో దీనికి సంబంధం లేదని ఆమె చెప్పింది. కాస్పర్ గడ్డం గోక్కుంటూ నిబంధనల పుస్తకం తిరగేశాడు.

“నిబంధనలో చెయ్యి ఎత్తాలని ఉంది వదినా. ఎందుకెత్తావని అడగమని లేదు. అది అడగడం మొదలుపెడితే ఈ ఊళ్లో ఒక్క ఓటూ నిలవదు.”

ఇంటికి వెళ్లే దారిలో వ్రేని బెల్టు వదల్లేదు, తిట్టడమూ ఆపలేదు.

“ముప్పై ఒక్క ఏళ్లు లాగావు, చాలలేదా? సరిగ్గా అప్పుడే రావాలా ఆవులింత?”

“నా చేతుల్లో ఉందా?” అన్నాడు మెల్క్.

మనిషితోనైతే పోట్లాడొచ్చు, వెన్నుపాముతో వ్రేని ఏం పోట్లాడుతుంది? ఆయన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి గంట పన్నెండు కొడుతోంది. ప్రతి దెబ్బకూ మెల్క్ ఎడమ చెయ్యి టోపీ దాకా లేస్తోంది, కనిపించని తాడు లాగినట్టు కిందికి దిగుతోంది. వ్రేని ట్రే కింద పెట్టి, అలవాటుగా చేతిరుమాలు తీసి, ఆయన ముఖంలోకి వంగి చూసింది.

నోరు మూసే ఉంది.