వెనక ఎవరూ రాలేదు

అమ్మాయ్, నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. పందెంలో గోపయ్య ఓడిపోలేదు.

జాగీర్దారు రైతు గోపయ్య ఎడ్లను బందెలదొడ్డిలో పెట్టించాడు. తన డ్రైవరును కొట్లో వేయించాడు. విడిపించమని వచ్చిన గోపయ్యకూ, డ్రైవరు భార్య సలేహాకూ చెరొక కారు అంటగట్టాడు. సాతంరాయి నుంచి కందుకూరుకు పొలాలకు అడ్డం పడి పోవాలి. ముందు చేరినవాళ్ళ కోరిక తీరుతుంది, వెనక వచ్చినవాళ్ళకు ఏడాది వెట్టి. అసలే యుద్ధకాలం, పోసింది దొంగ పెట్రోలు. పోలీసులకు దొరికితే జైలే.

రావిర్యాల దగ్గర పోలీసులను చూసి గోపయ్య కారు ఆపబోయాడు. బ్రేకు తొక్కడం మరిచి, ఎడ్లకు చెప్పినట్టు "హో, హో" అన్నాడు. కారు గుంతలో దిగబడింది.

వెనకే వచ్చిన సలేహా పరదాల కారు ఆగింది.

"ఎక్కు బిడ్డా, జర జల్ది!" అంది నడుపుతున్న బురఖా.

"జనానా కారులనా? నా ఇజ్జత్ పోతదమ్మా!"

"ఎడ్లు పోతే ఇజ్జత్‌ను నాగలికి కడ్తవా? ఎక్కు!"

పరదాలను చూడగానే పోలీసులు మర్యాదగా మొహాలు తిప్పుకున్నారు.

కందుకూరులో ఇద్దరూ ఒకే కారులోంచి దిగారు. జాగీర్దారు మున్షీ వెనక వచ్చేవాళ్ళ కోసం పొద్దుగూకేదాకా దారి చూశాడు. వెనక ఎవరూ రాలేదు. షరతు షరతే కనుక ఎడ్లనూ వదిలారు, డ్రైవరునూ వదిలారు.

సలేహా ఆ పొద్దున్నే ఆడపిల్లను కన్నది. మంచం దిగనే లేదు.

రేపు కందుకూరు వెళ్ళి, ఆ పరదాల కారులో స్టీరింగు కింద పడిపోయిన నా కళ్ళజోడు తెచ్చిపెట్టు.