నర్సమ్మ వద్దంది

“మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె!” అంటూ నర్సమ్మ దర్జీ కొట్టు మెట్లెక్కింది.

దర్జీ తలెత్తలేదు. మిషను కింద ఎర్రటి గుడ్డ పరుగెడుతోంది. ఫుట్‌బాల్ క్లబ్బు జెండాలు. ఎవరి చొక్కా అయినా రేపు మాపు అని తిప్పుతాడు గానీ, జెండా అంటే మాత్రం ఆగమేఘాల మీద కుట్టేస్తాడు.

“ఎవరి మీసాలక్కా?” అన్నాడు.

“ఇంకెవరివి, మన ఊరివే! ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డు కప్పు కారుతోంది. రిటైరయ్యేదాకా మంచాల మధ్య బకెట్లు సర్దుతూనే ఉన్నాను. దానికి డబ్బుల్లేవట. క్లబ్బుకు కొత్త స్టేడియం కట్టడానికి మాత్రం ఇంటి పన్ను పెంచుతారట!”

“కట్టకపోతే క్లబ్బు వేరే ఊరు పోతానంటోంది కదక్కా.”

“పోతే పోనీ.”

“తూటా కూడా పోతాడు!” దర్జీ మిషను ఆపేశాడు.

తూటా ఆ క్లబ్బుకు ప్రాణం. వాడి కాలి నుంచి బంతి బయల్దేరిందంటే గోల్‌కీపరు దేవుణ్ణి తలుచుకోవడమే. ఊళ్ళో ఏ గోడ చూసినా వాడి బొమ్మే.

“ఆ తూటాగాడి ఏడాది జీతంతో ఆస్పత్రి మొత్తానికీ కొత్త కప్పు పడుతుంది,” అంది నర్సమ్మ.

“జీతం క్లబ్బువాళ్ళిస్తారు. మన పన్నులోంచి కాదుగా?”

“జీతం వాళ్ళది, పరిగెత్తే గడ్డి మాత్రం మనదా? టిక్కెట్ల డబ్బు వాళ్ళకి, కట్టిన అప్పు మనకి! అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.”

“నువ్వే ఇలా అంటే ఎలాగక్కా?” అన్నాడు దర్జీ.

“నేననకపోతే ఇంకెవరంటారు?”

అనడమే కాదు, నడుం కట్టింది. ఇల్లిల్లూ తిరిగింది. ఇంజక్షనంటే ఏడ్చే పిల్లల్ని ఎలా దారికి తెచ్చేదో, స్టేడియం కావాలనే పెద్దల్నీ అలాగే దారికి తెచ్చింది. కాస్త బుజ్జగింపు, కాస్త గద్దింపు. స్టేడియం కావాలా వద్దా అని ఊరంతా ఓటేసే రోజుకు వారం ముందు టౌన్‌హాల్లో చర్చ పెట్టేసరికి, క్లబ్బు అధ్యక్షుడి బట్టతల మీద చెమట ఆరడం లేదు.

“ఈవిణ్ణి ఒప్పించడం ఇంకెవరి వల్లా కాదు. నువ్వే లేవాలి,” అని తూటా వీపు తట్టాడాయన.

తూటా లేచాడు. మైదానంలో పదిమందిని దాటుకుపోయే మనిషి, మైకు దాకా నడవడానికి నానా తంటాలూ పడ్డాడు. హాల్లో అప్పుడే ముసిముసి నవ్వులు మొదలయ్యాయి.

“అందరికీ నమస్కారమండీ. మాకు కొత్త స్టేడియం చాలా అవసరమండీ...”

“ఆగు,” అంది నర్సమ్మ రెండో వరుసలోంచి లేచి. “నీ జీతమెంత?”

“మీకు తెలుసు కదండీ.”

హాలు గొల్లుమంది.

“నాకు తెలుసులే. ఈ ఊళ్ళో నీకు సొంతిల్లుందా?”

“లేదండీ.”

“అద్దె కడుతున్నావా?”

తూటా బూట్ల వంక చూసుకున్నాడు. “లేదండీ.”

“అంటే ఈ ఊళ్ళో నువ్వు కట్టే ఇంటి పన్ను సున్నా. వీళ్ళందరినీ మాత్రం ఎక్కువ కట్టమంటున్నావు. అంతేనా?”

వాడు అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కప్పు వైపు చూశాడు. చివరికి తూటా, “అంతేనండీ,” అని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళి కూర్చున్నాడు. చెవులు రెండూ క్లబ్బు జెండా కన్నా ఎర్రగా ఉన్నాయి.

ఆ రోజుతో గాలి మళ్ళింది. “నర్సమ్మంతటి మనిషే వద్దంటుంటే మనమెలా ఊఁ అంటాం?” అన్నారు జనం. ఓటింగులో స్టేడియం చిత్తుగా ఓడిపోయింది.

క్లబ్బు అన్నంత పనీ చేసింది. సముద్రం పక్కనున్న ఓ పెద్ద ఊరు, స్టేడియంతో పాటు ఆటగాళ్ళకు తలా ఒక ఇల్లు కూడా ఇస్తానందట. ఒప్పందం ప్రకారం అందరూ వెళ్ళాల్సిందే. టీవీలో ఆ వార్త విన్నప్పుడు నర్సమ్మకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. లేచి, మంచినీళ్ళు తాగి, టీవీ కట్టేసింది.

సాయంత్రం దర్జీ వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“సంతోషమేనా అక్కా? జెండాలన్నీ ఇప్పుడు దిండు గలీబులు కుట్టుకోవాలి నేను.”

“కుట్టు. నాకూ రెండు కావాలి.”

“వేళాకోళం వద్దక్కా. రేపట్నుంచి తూటా ఆట మనకు టీవీలోనే.”

“టీవీలో అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తాడులే.” అంది గానీ, ఆ మాట అంటున్నప్పుడు గొంతు ఆమె చెప్పినట్టు వినలేదు.

దర్జీ అది కనిపెట్టాడు. గేటు తీసుకుని లోపలికి వచ్చి, అరుగు మీద కూర్చున్నాడు.

“ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. నిజం చెప్పు. ఆస్పత్రి కప్పు కోసమేనా ఇంత యుద్ధం?”

నర్సమ్మ కిటికీలోంచి ఇంట్లోకి ఓసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

“కప్పు కారేది నిజమే తమ్ముడూ, కానీ ముప్పై మూడేళ్ళొచ్చినా నా కొంగు వదలకుండా, విడిచిన బట్టలు నాచేతే ఉతికించుకునే తూటాగాణ్ణి, కన్నతల్లినై ఉండి నేనే ఇంట్లోంచి పొమ్మంటే ఏం బాగుంటుంది చెప్పు?”