మూడు అక్షరాల గాలిమర

కంబదూరు నుంచి అనంతపురం పోయే బస్సు కళ్యాణదుర్గం దాటగానే పంక్చరైంది.

"ఈ దిక్కుమాలిన టైరుకు ఈ పొద్దే దొరికిందా?" అని తిమ్మమ్మ బస్సునూ, డ్రైవరునూ కలిపి తిట్టింది.

"ఎనకాల ఇంకో బస్సు వస్తాండాదమ్మా. అర్ధగంట ఓపిక పట్టు," అన్నాడు కండక్టరు.

ఓపిక తిమ్మమ్మ దగ్గర ఎప్పుడూ లేదు. కూతురు అంజలిని తీసుకుని రోడ్డు పక్కన కూర్చుంది.

వాన మొహం చూసి ఏడాదైన ఎర్ర నేల. దూరంగా గుట్టల మీద గాలిమరలు నిద్రలో నడుస్తున్నట్టు నెమ్మదిగా తిరుగుతున్నాయి.

అనంతపురంలో పదకొండు గంటలకు పోటీ. ఏడు ఇంగ్లీషు అక్షరాలిస్తారు. పది నిమిషాల్లో వాటితో ఎన్ని మాటలు కడితే అన్ని మార్కులు. మొదటొచ్చిన ఒక్క పిల్లకే ఇంటరు చదువు, హాస్టలు ఉచితం.

రాకపోతే వచ్చే సోమవారం అంజలి తల్లితో పాటు బెంగుళూరుకు, బిల్డింగు పనికి పోవాలి. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు.

అంజలి ఎంత గింజుకున్నా ఇంతవరకు పదిహేను మాటలు దాటలేదు.

బస్సులో ముందు సీట్లో కూర్చున్న మనిషి వచ్చి వాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు. ప్యాంటు నిండా పెయింటు మరకలు. చేతిలో గోనెసంచి.

"ఏం చదువుతాండావు పాపా?"

అంజలి పోటీ సంగతి చెప్పింది.

"పిల్లను కదిలించొద్దప్పా," అంది తిమ్మమ్మ. "ఉండేది ఒకే సీటు. అది రాకుంటే నా బిడ్డ నాతో పాటు ఇసుక తట్ట మొయ్యల్ల."

ఆ మనిషి చాలాసేపు గాలిమరల వైపే చూస్తూ కూర్చున్నాడు.

పీడ వదిలింది అనుకుంది తిమ్మమ్మ.

ఏమనుకున్నాడో ఏమో, కాసేపటికి సంచి విప్పాడు. అందులో రేకు ముక్కలున్నాయి. ఒక్కో రేకులో ఒక్కో ఇంగ్లీషు అక్షరం కోసి ఉంది.

"వీటిని పెట్టి రంగు కొడతాను పాపా. ఊరూరా తిరిగి, ట్రాక్టర్లకు, కరెంటు స్తంభాలకు," అన్నాడు.

ఈ, ఏ, టీ అని మూడు రేకులు ఏరి, ఎండకు ఎదురుగా మట్టిలో గుచ్చి నిలబెట్టాడు.

ఎర్ర నేల మీద మూడు వెలుతురు అక్షరాలు పడ్డాయి.

"చదువు."

"ఈట్," అంది అంజలి. "తినేది."

చివరి రేకు పీకి ముందర గుచ్చాడు. "ఇప్పుడు?"

"టీ."

మళ్ళీ చివరిది ముందుకు తెచ్చాడు.

"ఏట్. తినేసినాను అని."

"ఇంకోసారి తిప్పితే?"

"మళ్ళీ ఈట్," అంజలి నవ్వింది. "గాలిమర రెక్కల మాదిరి తిరుగుతాండాదే."

"అంతే పాపా. కొత్త మాట కోసం యాడికీ పరిగెత్తొద్దు. దొరికినదాన్నే తిప్పు. ఇంక తిరగదు అన్నప్పుడు ఒక అక్షరం చేర్చి, మళ్ళీ తిప్పు."

ఎస్ అక్షరం చేర్చాడు.

"సీట్," అంది అంజలి. "ఈస్ట్. ఈట్స్. టీస్."

తిమ్మమ్మకు వాటిలో అర్థమైంది 'సీటు' ఒక్కటే.

"నీకు ఇంగ్లీషు వచ్చునా ఏమి?" అని అడిగింది, కాస్త అనుమానంగానే.

"నాకేం రాదక్కా. చూసి చూసి ఇంత మాత్రం తెలిసినాది."

గాలికి కళ్ళు మూతలు పడుతుంటే తిమ్మమ్మ అరకన్నుతో చూస్తూ ఉండిపోయింది. వెలుతురు మాటలు నేల మీద పుడుతున్నాయి, చెదిరిపోతున్నాయి, మళ్ళీ పుడుతున్నాయి. ఎన్నేళ్ళుగానో విత్తనాలు మింగేసిన నేల ఇవాళ తన బిడ్డకు ఏదో తిరిగి ఇస్తున్నట్టు అనిపించింది ఆమెకు.

రెండో బస్సు హారను కొట్టింది.

"చాల్లే పద, ఆటలు," అని కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. కిక్కిరిసిన బస్సులో ఆ మనిషి ఎక్కాడో లేదో కూడా చూడలేదు. అతని పేరూ ఊరూ అడగలేదు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు.

నలభై మూడు మాటలతో అంజలి మొదటొచ్చింది. నలభై రెండింటితో గార్లదిన్నె పిల్ల నాజ్‌నీన్ రెండోది.

అంజలి మాటలు తిప్పి తిప్పి వరసగా రాసిన కాగితం గోడకు అంటించారు. పిల్లలంతా దాని చుట్టూ మూగారు.

తిమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉలిక్కిపడింది.

"ఆ అన్నకు గుక్కెడు నీళ్ళు తాగు అని కూడా అనకపోతినే," అంది. "పాడు నోరు నాది. పద అంజలీ, ఎట్లయినా ఎతకల్ల."

ఇద్దరూ బయటికొచ్చారు.

మెట్ల మీద నాజ్‌నీన్ మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. పక్కన ఎవరో అటు తిరిగి కూర్చుని, ఆమె వీపు నిమురుతున్నారు.

"ఒక్క మాట తేడాతో పోయింది నాయనా. ఏడాది పొడుగూ ఇంట్లో మనిద్దరం కూర్చుని కనుక్కున్యాం గదా, ఆ తిప్పేది. ఆ యమ్మికి యాడ తెలిసినాది?"

తిమ్మమ్మ కాళ్ళు మెట్టు మీదే ఆగిపోయాయి.

"ఎవరో చెప్పింటారులే తల్లీ, ఆ పాపకూ చదువు కావల్ల గదా," అంటూ కూతురి కళ్ళు తుడుస్తున్నాడు, పొద్దున అంజలికి ఎర్ర నేల మీద వెలుతురు మాటలు రాసి చూపించిన మనిషి.