పథ్యం బాబాయ్

పెద్దాయన తన ముందున్న గిన్నెను వేలి కొసతో పక్కకు జరిపాడు.

గిన్నెలో ఉన్నవి గుప్పెడు బాదంపప్పులు, రెండు అక్రోట్లు.

బాదం ఏరి సంచులకెత్తే ఆ ఫ్యాక్టరీకి డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. పనివాళ్లందరికీ రోజూ గుప్పెడు పప్పులు పెట్టాలని యజమానిని ఒప్పించింది. నలభై మంది తిన్నారు. ఈయనొక్కడే తినలేదు.

“పళ్లు కదిలాయా, పెద్దాయనా?”

“గట్టివేనమ్మా.”

“మరి తినరేం? వీటిలో మంచి కొవ్వు, పీచు, మాంసకృత్తులు ఉన్నాయి. ఉప్పూ నూనే తగలకుండా రోజుకో గుప్పెడు తింటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గుండెకెంతో మేలు.”

“అయ్యుండొచ్చు. తేలాలి కదమ్మా.”

పక్క బల్ల దగ్గరి ఆవిడ పకపకా నవ్వింది.

“ఈయన మా పథ్యం బాబాయండీ. తేనె తీసేవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా అంటారే, ఈయనుంటాడు! ఐదేళ్లుగా చూస్తున్నా, చేతినిండా బాదమే, నోట్లో ఒక్క పలుకు పడదు.”

“ఒంటికి సరిపడవా?” అడిగింది డాక్టరమ్మ.

“పడతాయి. నాకు ప్రాణం కూడానూ.”

“మరెందుకు తినరు?”

“అది చెప్పకూడదమ్మా.”

ఆయన నిటారుగా కూర్చున్న తీరు ఆమెకు అహంకారంగా తోచింది.

వారం తిరిగేసరికి మరో ఆరుగురు గిన్నెలు ముట్టడం మానేశారు. రోజంతా గింజల మధ్య ఉండే మనిషే తినడం లేదంటే ఏదో మతలబు ఉందన్నారు.

డాక్టరమ్మ ఆయన్ని పిలిపించింది.

“మీవల్ల పదిమందీ చెడుతున్నారు. రేపటినుంచైనా తినండి. లేదంటే మిమ్మల్ని ఆ బల్ల దగ్గర ఉంచొద్దని యజమానికి చెప్పాల్సి వస్తుంది.”

“ముప్పై ఏళ్లు గింజ ఏరిన చెయ్యమ్మా ఇది. చేదు గింజను తాకి చెప్తుంది.”

“నాలుగు పలుకులు నోట్లో వేసుకోండి. ఆ బల్ల మీకే ఉంటుంది.”

పెద్దాయన తన చేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. మర్నాటినుంచి గోనెసంచులు మోసే గదిలో పనికి వెళ్లాడు.

చలికాలం దాటకముందే గుండెపోటుతో పోయాడు.

“చెప్తే విన్నారా!” అని డాక్టరమ్మ నిట్టూర్చింది.

రెండు నెలలకు ఆయన కూతురు ఒక ఉత్తరంతో ఫ్యాక్టరీకి వచ్చింది.

“నాన్న పేరిట వైద్య కళాశాలవాళ్లు రాశారండీ. ఐదేళ్ల కిందట అమ్మ గుండెజబ్బుతో పోయినప్పుడు, వాళ్ల పరిశోధనలో చేరతానని నాన్న సంతకం పెట్టారు. ఫలితం తేలి ఉత్తరం వస్తే మీ అందరి ముందూ చదివించమని నాన్న నాకు ముందే చెప్పి ఉంచారు.”

డాక్టరమ్మ ఉత్తరం విప్పి గొంతెత్తి చదివింది. ఐదేళ్లపాటు రోజూ గుప్పెడు పప్పులు తిన్నవారికి గుండెజబ్బులు స్పష్టంగా తగ్గాయి.

“చూశారా! నేను మొదట్నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను!”

“ఇంకా ఉంది, చదవండమ్మా,” అంది కూతురు.

చదువుతుంటే డాక్టరమ్మ గొంతు క్రమంగా తగ్గింది.

‘తిననివారు ఉన్నారు కాబట్టే తిన్నవారికి జరిగిన మేలు ఎంతో తేలింది. చీటీ తీస్తే మీకు పప్పులు తినని జట్టు వచ్చినప్పుడు, మీ వృత్తిని చూసి మీవల్ల కాదేమోనని మేము సందేహించినా, పరీక్షించే వైద్యులకు మీ జట్టు తెలియకూడదన్న నియమానికి కట్టుబడి ఎవరికీ చెప్పకుండా, బాదం బల్ల ముందు కూర్చుని కూడా ఒక్క పలుకు ముట్టకుండా, ఇచ్చిన మాట నిలుపుకున్న మీకు మేమందరం లేచి నిలబడి నమస్కరిస్తున్నాము.’